సీసం అతుకు, లారీ క్లిప్పు

ఆ పెట్టె బరువు నా కుడి భుజానికి ఇంకా గుర్తుంది. ముసురు పట్టినప్పుడు మరీ గుర్తు చేస్తుంది. గిటారు కోసం చేయించిన స్పీకరు పెట్టె అది. చేసిన వడ్రంగి పెళ్ళికూతురి బీరువా అనుకున్నాడో ఏమో, అంగుళం మందం టేకు పలకలు వాడాడు. పైన నల్ల రెక్సిను, ముందు వల లాంటి గుడ్డ, లోపల పెద్ద స్పీకర్లు రెండు. డెబ్బైల్లో మా ఆర్కెస్ట్రా విజయవాడ నుంచి అటు గుడివాడ దాకా, ఇటు బందరు దాకా ఎవరు పిలిస్తే వాళ్ళ పందిట్లో వాయించేది. ఆ పెట్టెని వ్యాను ఎక్కించడం, దించడం, మళ్ళీ ఎక్కించడం నా పని. మధ్యలో కాసేపు గిటారు వాయించేవాణ్ణి. చూసినవాళ్ళు అబ్బ, ఎంత హాయైన బతుకు అనేవాళ్ళు. ఒక్కడూ వచ్చి రెండో వైపు పట్టుకున్న పాపాన పోలేదు.

వారమంతా ఆఫీసులో ఫైళ్ళు, శనివారం వస్తే ఈ మోత. సోమవారం పొద్దున కుర్చీలో కూర్చుంటే వేళ్ళ కొసలు మండుతుండేవి, నడుము పట్టేసి ఉండేది. మా ఆఫీసరు నన్ను చూసి మీకేమండీ కళాకారులు అనేవాడు. నాకు ఒళ్ళు మండేది గానీ జవాబు చెప్పే ఓపిక ఉండేది కాదు.

అయినా ఆ రోజుల్లో నన్ను నిజంగా అలిసిపోయేలా చేసింది ఆ బరువు కాదు, ఒక వాదన. స్పీకరు వెనక రెండు చిన్న రేకు చెవులుంటాయి. ఆంప్లిఫయరు నుంచి వచ్చే తీగల్ని వాటికి కలపాలి. సీసం కరిగించి అతకాలా, క్లిప్పు తొడగాలా? ఇంతే వాదన. చెబితే నవ్వుతారు. మా ఇంట్లో దాని మూలంగా చాలా రోజులు అన్నం సహించలేదు ఎవరికీ.

సీసం పక్షం మా అన్నయ్యది. మా నాన్న రైల్వేలో పని చేస్తూ పోయేనాటికి నేనింకా బడికి పోయే వయసు కూడా కాదు. అన్నయ్యే నన్ను పెంచాడు, చదివించాడు, చర్చిలో పాటలు పాడేవాళ్ళ వెనక ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి గిటారు నేర్పాడు. గవర్నరుపేటలో చిన్న గది అద్దెకి తీసుకుని రేడియోలు బాగు చేసేవాడు. తను వేసిన అతుకు చూస్తే ముచ్చటేసేది. తీగ చుట్టూ సీసం పల్చగా, నున్నగా, గుండ్రంగా నిలిచేది. పక్క షాపువాళ్ళు బాగు చేసిన సెట్టు తన దగ్గరికి వస్తే మూత తీసి, లోపలి అతుకులు చూసి, "ఎవడండీ ఇది, రేడియో అనుకున్నాడా, నూనె డబ్బా అనుకున్నాడా?" అని తెచ్చినవాణ్ణి నిలదీసేవాడు. ఆ తెచ్చిన పెద్దమనిషికి తానేం తప్పు చేశాడో అర్థమయ్యేది కాదు.

తర్వాత అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఈ చిన్న సెట్లు నాకు పడవు అని అన్నయ్య షాపు మూసేశాడు. కళ్ళు ఆనడం లేదేమో అనుకున్నాం. అప్పటికి నేను ఆర్కెస్ట్రాలో చేరాను. మైకులు, ఆంప్లిఫయర్లు, స్పీకరు పెట్టెలు చూసుకోవడానికి మనిషి కావాలంటే అన్నయ్యని రమ్మన్నారు. ఆర్కెస్ట్రా పార్టీలో అందరూ తనని మాస్టారూ అనేవాళ్ళు. వ్యానులో డ్రైవరు పక్క సీటు తనది. ఇంకెవరూ అందులో కూర్చునేవాళ్ళు కాదు. షాపు పోయాక బయట పని అంటూ అన్నయ్యకి మిగిలింది ఆ సీటే.

నా గిటారు పెట్టె లోపలి పనంతా అన్నయ్యదే. రెండు స్పీకర్లనీ ఒకదాని తర్వాత ఒకటిగా వరసలో కలిపాడు. అందులో ఒక ఇబ్బంది ఉంది. ఎక్కడ ఒక్క అతుకు ఊడినా రెండు స్పీకర్లూ ఒకేసారి మూగబోతాయి. మొదటి రెండేళ్ళూ ఒక్కటీ ఊడలేదు. ఆ తర్వాత ఊడడం మొదలైంది. ఒకసారి పామర్రులో, ఒకసారి గన్నవరంలో, ఇంకోసారి బెజవాడ నడిబొడ్డున. కాలవగట్ల మీద రోడ్లు అలా ఉన్నాయి మరి అనేవాడు అన్నయ్య. రోడ్లు అలాగే ఉండేవి, కాదనను. కానీ మొదటి రెండేళ్ళూ కూడా అవే రోడ్లు.

పార్టీ నడిపేది ఒక పాటగాడు. గొంతు మంచిది, ఓపిక తక్కువ. గన్నవరం నుంచి వచ్చేటప్పుడు ఆయన వెనక సీట్లోంచి మొదలుపెట్టాడు.

"మాస్టారూ, లారీలకి హెడ్‌లైట్లు ఎలా కలుపుతున్నారండీ? క్లిప్పులేగా? కలకత్తా పోయొస్తన్నాయి. ఊడుతున్నాయా?"

అన్నయ్య వెనక్కి తిరగలేదు. "హెడ్‌లైటుకి పాటతో పనేముందండీ? వెలిగితే చాలు దానికి. క్లిప్పంటే ఆనుకుని ఉండటం. సీసమంటే కలిసిపోవటం. వారానికో పెళ్ళికి వాయిస్తన్నాం, మనకి ఆ మాత్రం తేడా తెలియొద్దా?"

వ్యానులో అందరూ నవ్వారు. పాటగాడు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే నాకు మనసులో క్లిప్పే మేలనిపించేది. ఊరుగాని ఊళ్ళో స్పీకరు కాలిపోతే, సీసమైతే దాన్ని కరిగించే ఐరన్ కాలాలి, కరెంటుండాలి, అతుకు కరగాలి, మళ్ళీ అతకాలి. క్లిప్పయితే లాగి పక్కన పెట్టి వేరే స్పీకరుకి తొడుక్కోవచ్చు. ఆ మాట అన్నయ్య ముందు అనలేదు. నా గిటారు గొంతు తన చేతిలో ఉందని తనకెంత గర్వమో నాకు తెలుసు. పైగా అంటే రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ అదే పాఠం. ఆఫీసులో తిన్న చీవాట్లు చాలవా అనిపించేది.

కంకిపాడులో ఒక పెళ్ళి. చర్చిలో ఉదయం పెళ్ళయింది, మధ్యాహ్నం షామియానా కింద విందు, విందుకి మా పాటలు. ఎండాకాలం. షామియానా గుడ్డ కిందికి ఆవిరి దిగుతోంది. పెళ్ళికూతురి తండ్రి రైతు. మంచి మనిషి, మాకు వద్దన్నా మజ్జిగ పంపిస్తూనే ఉన్నాడు. పాట మధ్యలో నేనొక్కడినే వాయించాల్సిన చోటు వచ్చింది. జనంలో చేతులు కడుక్కుంటున్నవాళ్ళు కూడా ఆగి ఇటు చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు పెట్టె మూగబోయింది.

"వాయించకు! తీసెయ్ చెయ్యి!" అని అన్నయ్య అరుస్తూ వచ్చి ఆంప్లిఫయరు కట్టేశాడు. స్పీకరు తెగినప్పుడు వాయిస్తే ఆ పాతకాలం ఆంప్లిఫయర్లు కాలిపోతాయి. పాటగాడు నవ్వు మొహం పెట్టుకుని హార్మోనియం, డ్రమ్ముల మీద పాట లాగించేశాడు. కానీ ఆయన నా వైపు చూసిన చూపు ఉంది చూడండి, దాన్ని మాత్రం దాచలేదు.

పెట్టెని ఈడ్చుకుంటూ షామియానా వెనక వంటలు చేసే చోటికి తీసుకుపోయాం. కరెంటు ఉంది గానీ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేలా తిరుగుతోంది. ఐరన్ ప్లగ్గు పెడితే గోరువెచ్చన కూడా కాలేదు. అన్నయ్య సంచిలో నిప్పుల్లో కాల్చే పాతకాలం రాగి మొన ఐరన్ ఒకటుండేది. దాన్ని బిర్యానీ డేగిశా కింద నిప్పుల్లో గుచ్చాడు. వంటవాళ్ళకి ఒళ్ళు మండింది. మాంసం పొయ్యిలో ఈ సంతేమిటండీ అన్నారు. అన్నయ్య వాళ్ళకి రెండు చేతులూ జోడించాడు.

ఈలోగా నేను వెనక పలక మరలు విప్పాను. ఎడమ స్పీకరు చెవి దగ్గర తీగ విరిగి వేలాడుతోంది. విరిగినచోట రాగి ఎర్రగా ఉండాలి. పచ్చగా ఉంది, చిలుం పట్టిన చెంబులాగా. మిగిలిన అతుకులు చూశాను. అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి, అన్నిటి మొదట్లోనూ తీగ పచ్చగా అయిపోయింది.

అదేమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా వీధి చివర రేకు పనివాడు నూనె డబ్బాలకీ బకెట్లకీ మాటు వేసేటప్పుడు యాసిడ్ పూసేవాడు. యాసిడ్ పూస్తే సీసం ఇట్టే పట్టేస్తుంది, తళతళమంటుంది. డబ్బాకి అది చాలు. సన్నటి రాగితీగకి పూస్తే మాత్రం యాసిడ్ లోపల లోపల తినేసి కొన్నాళ్ళకి తీగని పుటుక్కుమనిపిస్తుంది. రేడియో పనికి గుగ్గిలం లాంటి పేస్టు వాడాలి, సీసం పట్టేదాకా ఐరన్‌ని కదలకుండా పట్టుకుని ఆగాలి. ఈ సంగతి నాకు చెప్పింది అన్నయ్యే. రేడియో అనుకున్నాడా, నూనె డబ్బా అనుకున్నాడా అని జనాన్ని నిలదీసిందీ తనే. అలాంటి మనిషి నా పెట్టెలో యాసిడ్ పూసి అతికాడు.

తను ఎర్రగా కాలిన ఐరన్ తెచ్చాడు. తీగ చివర గీకి చెవికి చుట్టి, సీసం ఆనించబోయాడు. ఐరన్ మొన చెవి మీద నిలవలేదు. తీగ మీదికి జారింది, పక్కనున్న అట్టని కాల్చింది, మళ్ళీ జారింది. చెయ్యి వణుకుతోంది. కాస్త కాదు, మోచేతి దాకా వణుకుతోంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. రెండు చేతులూ కలిసి వణికాయి.

"పొగ కళ్ళల్లో పడతందిరా. నువ్వు పట్టు," అని ఐరన్ నా చేతికిచ్చాడు.

పొగ మాకు అవతలి వైపుకి పోతోంది. ఐరన్ అందుకున్నాను. అన్నయ్య నాకు గిటారు నేర్పాడు గానీ సీసం అతకడం ఎప్పుడూ నేర్పలేదు, అది తన సొంతం అన్నట్టు ఉంచుకున్నాడు. నేను అతికింది మట్టి ముద్దలా తయారైంది. అన్నయ్య వంగి దాన్ని చూశాడు. ఆ అతుకు ఇంకొకడు వేసి ఉంటే వాడికి ఆ రోజు భోజనం కూడా దక్కేది కాదు.

"బానే ఉంది," అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు భయమేసింది. వెళ్ళి మిగిలిన పాటలు వాయించాను. ఏం వాయించానో నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు అన్నయ్య ముందు సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాటగాడు నా పక్కకి జరిగి గొంతు తగ్గించాడు.

"తమ్ముడూ, వచ్చే శనివారానికి క్లిప్పులు పడాలి. ఇంక నావల్ల కాదు. ఇంకో మాట. ఈ ఎండల్లో మాస్టార్ని తిప్పటం దేనికండీ? క్లిప్పులైతే మీరైనా తొడుక్కోవచ్చు, డ్రైవరైనా తొడగొచ్చు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన అన్నదాంట్లో తప్పూ లేదు. అందుకే నాకు మరీ కోపం వచ్చింది. క్లిప్పులు పడితే పెట్టె బాగుపడుతుంది. పెట్టె బాగుపడితే ఆ ముందు సీటు పోతుంది. అదీ లెక్క.

మర్నాడు మా వదిన వంటింట్లో గోంగూర ఒలుస్తోంది. అన్నయ్య పెరట్లో ఉన్నాడు. చెయ్యి సంగతి నీకు తెలుసా వదినా అని అడిగాను. ఆకులు ఒలవడం ఆపకుండానే చెప్పింది.

"తెలీకేం? కాఫీ సగం గ్లాసే పొయ్యమంటన్నారు. నిండా పోస్తే తొణికిద్దిగా. చొక్కా గుండీలు నేనే పెడతన్నా. షాపు మూసింది కూడా అందుకే. చిన్న సెట్లంట, కళ్ళంట, అవన్నీ మనకి చెప్పే కబుర్లు. డాక్టరు దగ్గరికి పోదామంటే ఇంతెత్తున లేస్తన్నారు."

"పార్టీవాళ్ళు క్లిప్పులు పెట్టమంటున్నారు వదినా."

అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. "క్లిప్పులు పెట్టుకోండి, చీపురు పుల్లలు పెట్టుకోండి, నాకేం తెలుసయ్యా. ఆయన వ్యానెక్కే రోజు తెల్లారగట్టే లేచి కూర్చుంటారు. మిగతా వారమంతా గోడకేసి చూస్తా కూర్చుంటారు. ఆ ఒక్కరోజూ తీసెయ్యమాకండి."

నేనేం చెయ్యను? అటు పాటగాడు, ఇటు వదిన, మధ్యలో ఆవగింజంత ఓపిక కూడా లేని నేను. ఆఫీసుకి మధ్యాహ్నం సెలవు పెట్టి ఆటోనగర్ పోయాను.

లారీ కింద పడుకుని ఉన్న ఎలక్ట్రీషియన్ నా మాట విని బయటికి వచ్చాడు. గిటారంటే నవ్వాడు గానీ పని చెబితే శ్రద్ధగా విన్నాడు. డబ్బాలోంచి గుప్పెడు ఇత్తడి క్లిప్పులు తీసి, ఒకటి తీగకి తొడిగి ప్లయరుతో నొక్కి చూపించాడు.

"ఇంతేనండి. ఈ రెక్కలు తీగ మీద పడేట్టు నొక్కెయ్యాల. అవతల పక్క చెవికి దిగ్గొట్టాల."

"ఊడదా?"

"గట్టిగా నొక్కితే లారీకే ఊడట్లేదు, పాటల పెట్టెకి ఊడిద్దా? తడి తగలకుండా కాస్త గ్రీజు రాసుకోండి. అంతే."

అంత తేలిగ్గా తేల్చేశాడు. మా ఇంట్లో ఇన్ని నెలలు నలిగిన విషయం ఆ మనిషికి టీ చల్లారేలోపు అయిపోయింది. ఆయన మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆ రోజుల్లో నాకు అందరి మీదా కోపమే.

పొట్లం తెచ్చి అన్నయ్య మంచం మీద పెట్టాను. విప్పి చూశాడు.

"ఎవడు తెమ్మన్నాడు?"

"నేనే తెచ్చాను."

"నువ్వా? వేళ్ళు బొబ్బలెక్కితే వెన్న రాసి గిటారు నేర్పినవాణ్ణి నేను. నాకు లారీ సామాను తెచ్చి పెడతావా? రెండేళ్ళు ఒక్క అతుకు ఊడిందారా? చెప్పు! ఊడిందా?"

"అప్పుడు నువ్వు పేస్టుతో అతికావు. ఇప్పుడు డబ్బాల యాసిడ్ పూసి అతుకుతున్నావు," అన్నాను.

అన్నందుకు నేను ఎన్నడూ బాధపడలేదు. ఎవరో ఒకరు అనాలి. వంటింట్లో వదిన గరిటె చప్పుడు ఆగింది. అన్నయ్య పొట్లం చుట్టి మంచం కిందికి తోశాడు.

"సీసం పట్టేదాకా చెయ్యి ఆగట్లేదురా," అన్నాడు. "యాసిడైతే తగిలిందే తడవుగా పట్టేస్తది. తీగని తినేస్తదని తెలుసు. ఏదో నాలుగు నెలలు ఆగిద్దిలే, ఈలోపు చెయ్యి సర్దుకుంటది అనుకున్నా."

మా అన్నయ్య నోట అలాంటి మాట వింటానని నేను అనుకోలేదు. పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుందామనుకున్నాను, మా ఇళ్ళల్లో మగవాళ్ళకి అలవాటు లేదు. కాసేపయ్యాక లేచి బయటికి పోయాను.

తర్వాత కొన్ని రోజులు ఇంట్లో క్లిప్పు మాట గానీ సీసం మాట గానీ లేదు. పొట్లం మంచం కిందే ఉంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పెట్టె నడిగదిలో బోర్లా పడుకుని ఉంది. అన్నయ్య నేల మీద కూర్చున్నాడు. తను వేసిన అతుకులన్నీ తనే కత్తిరించేశాడు. పచ్చబడ్డ తీగలు తీసేసి కొత్త తీగలు వేశాడు. ప్రతి తీగ కొసనా ఇత్తడి క్లిప్పు. ప్లయరుని రెండు చేతులా పట్టుకుని, బలమంతా పెట్టి నొక్కుతున్నాడు. నొక్కేటప్పుడు చేతులు వణికినా నష్టం లేదు. ఆ పనికి బలం ఉంటే చాలు, నిలకడ అక్కర్లేదు.

"లాగు," అన్నాడు నన్ను చూసి.

లాగాను. రాలేదు.

"అలాగేనా లాగేది? అన్నం తింటల్లేదా? గట్టిగా లాగు."

గట్టిగా లాగాను. పెట్టె జరిగింది గానీ క్లిప్పు జరగలేదు. అన్నయ్య మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను. లారీ సామానే అయినా దాని పని దానికి తెలుసులేరా అన్నాడు. ఆ రాత్రి అందరం కడుపునిండా తిన్నాం.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. కారణం, పెట్టె మళ్ళీ ఎప్పుడూ ఆగలేదు. ఏ ఊరు పోయినా, ఏ రోడ్డు మీద పోయినా, దించీ దించగానే పలికింది. అన్నయ్య ముందు సీట్లో వచ్చేవాడు. వాయించబోయే ముందు వెనక పలక విప్పి, చూసి, మళ్ళీ బిగించేవాడు. తర్వాత కుర్చీ వేసుకుని పెట్టె పక్కన కూర్చునేవాడు. మైకులు కూడా అప్పటికి కొత్తవి, వాటిని అద్దెకిచ్చే మనిషే వచ్చి బిగించి పోతున్నాడు. అందరూ భోజనం చేశారా మాస్టారూ అని అడిగేవాళ్ళు. ఇది ఇలా చెయ్యమంటారా మాస్టారూ అని అడిగేవాళ్ళు లేరు.

చలికాలం పోతుండగా పార్టీలోకి ఎలక్ట్రిక్ ఆర్గను వచ్చింది. ఆర్గనుకి చోటు కావాలి, అది వాయించేవాడికి సీటు కావాలి. పాటగాడు నన్ను పక్కకి పిలిచాడు.

"మాస్టారికి మీరే చెప్పండి తమ్ముడూ. నా నోటితో నేను చెప్పలేనండీ."

నీ నోటితో చెప్పలేనిది నా నోటితో ఎలా చెబుతానయ్యా అనలేదు. సరేనండీ అన్నాను. వారమంతా ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగాను. గురువారం అన్నాల దగ్గర ఎత్తుదామని గొంతు సవరించుకున్నాను.

"ఈసారి బందరుకి నేను రాలేనురా," అన్నాడు అన్నయ్య, పప్పు కలుపుకుంటూ. "అంత దూరం కూర్చుంటే నడుం పట్టేస్తంది. ఆర్గను వాయించే ఆయన్ని నా సీట్లో కూర్చోబెట్టండి. ఇక మీదట కూడా ఆయన్నే కూర్చోబెట్టండి."

నడుము పట్టడం నాకు. తనకి ఎన్నడూ పట్టలేదు. వదిన అన్నయ్య కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. చాలు అనలేదు తను. తినలేదు కూడా.

బందరు వెళ్ళాం. పెట్టె మోసుకెళ్ళి దింపాను. ముందు సీట్లోంచి దిగిన ఆర్గను వాయించేవాడు సిగరెట్టు ముట్టించుకున్నాడు. సముద్రం గాలికి తీగలన్నీ చెమ్మగిల్లుతున్నాయి. ఆ గాలికైనా ఒక క్లిప్పు వదులవుతుందేమో అని చూశాను. నిజం చెబుతున్నాను, ఒక్కసారి బరబరమంటే బాగుండునని పాట పాటకీ చెవులు రిక్కించి విన్నాను. పెట్టె గంటలాగా మోగింది. జనం చప్పట్లు కొట్టారు. పాటగాడు స్టేజి మీదే నా భుజం తట్టాడు. నాకు ఏ సంతోషమూ లేదు. ఇంటికి పోయి పడుకుంటే చాలుననిపించింది.

మర్నాడు పొద్దున ఇల్లు చేరాను. అన్నయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. వ్యాను వెళ్ళేదాకా ఏమీ అడగలేదు. వెళ్ళాక అడిగాడు.

"ఎట్లా పలికింది పెట్టె?"

బాగా పలికిందన్నయ్యా అనాలి. తన పనే అది. తను నొక్కిన క్లిప్పులే. కానీ ఆ మాట వింటే ఇంక తనకి అడగడానికి ఏమీ ఉండదు.

"చివర్లో కాస్త బరబరమంది," అన్నాను.

నిటారుగా కూర్చున్నాడు. "ఎటు పక్క?"

"ఎడమ."

"లోపలికి తీసుకురా."

తెచ్చి నడిగదిలో పెట్టాను. మొహం కడుక్కుని, తుండు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. అన్నయ్య మరలు విప్పడానికి చాలాసేపు పట్టింది. ప్రతిదానికీ స్క్రూడ్రైవరు రెండు మూడుసార్లు జారింది. నేను వెళ్ళలేదు. పలక తీసి పక్కన పెట్టాడు. ఎడమ స్పీకరు క్లిప్పులు రెండూ పట్టి లాగాడు. కదల్లేదు. కుడివైపువి లాగాడు. కదల్లేదు. మళ్ళీ ఎడమవైపు వేలు పెట్టి, ఈసారి లాగకుండా ఊరికే తడిమాడు. వెనక్కి ఆనుకుని, ప్లయరు ఒళ్ళో పెట్టుకుని, పెట్టెలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను అబద్ధం చెప్పానని తనకి తెలిసిపోయింది. తనకి తెలిసిందని నాకూ తెలిసింది. ఇప్పుడు తిడతాడు, మంచిదే, తిట్టనీ అనుకున్నాను.

తిట్టలేదు. ప్లయరు రెండు చేతులా పట్టుకుని, బిగుతుగా ఉన్న ఎడమ క్లిప్పునే ఇంకోసారి నొక్కాడు. కొంచెం గ్రీజు రాశాడు. పలక మూసి మరలు బిగించాడు.

"వదులైందిరా ఎడమపక్కది," అన్నాడు నా వైపు చూడకుండా. "బిగించా. ఇంక అనదు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తుండు మొహాన వేసుకుని తుడుచుకుంటున్నట్టు నిలబడ్డాను.

వంటింట్లోంచి వదిన కేకేసింది. "ఏవైందంట పెట్టెకి?"

"ఏవవుద్ది? నేను లేకుండా ఒక్కపూట పోయారు, పాడు చేసుకొచ్చారు," అని అన్నయ్య గట్టిగా, వదినకి బాగా వినపడేట్టు చెప్పాడు. "నేను లేకపోతే వీళ్ళకి గడవదే."

"అవును వదినా, గడవదు," అన్నాను నేను, తుండులోంచే.